ముక్కు స్ప్రే కొనేటప్పుడు జాగ్రత్త: చీటీలో రాసింది ఒకటి, నా చేతికిచ్చింది ఇంకొకటి

వయ్యారిభామ పూతకొస్తే చాలు, నాకు తుమ్ములు ఆగవు. కళ్ళు దురద, ముక్కు నీళ్ళలా కారడం, రాత్రికి దిబ్బడ. ఈసారి ఈఎన్‌టీ డాక్టర్ గారు కాంబినేషన్ స్ప్రే రాశారు. ఎజెలాస్టిన్, ఫ్లూటికాసోన్ రెండూ కలిసింది. ఒకటి అలర్జీని ఆపే యాంటీహిస్టమిన్, ఇంకొకటి వాపు తగ్గించే స్టెరాయిడ్.

మెడికల్ షాపులో అబ్బాయి చీటీ చూసి "అది స్టాక్ లేదండీ, ఇదీ అదే, రేటు కూడా తక్కువ" అన్నాడు. నమ్మి తెచ్చుకున్నాను.

కొట్టుకున్న ఐదు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంది, అబ్బ ఎంత బాగా పనిచేస్తోందో అనుకున్నాను. వారం తిరిగేసరికి నాలుగు గంటలు కూడా ఆగట్లేదు, రోజుకు రెండుసార్లు అన్నది ఆరుసార్లయింది. మూడో వారంలో అర్ధరాత్రి రెండింటికి నాలుక ఎండిపోయి లేచి కూర్చోవడం, దిండు కింద సీసా కోసం తడుముకోవడం. ఇంత కొట్టినా తుమ్ములు, దురద ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు.

మళ్ళీ వెళ్తే డాక్టర్ గారు సీసా తిప్పి చూపించారు. ఆ చీమతల అక్షరాలు ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేస్తే గానీ నాకు కనిపించలేదు. ఆక్సీమెటాజోలిన్, అదొక్కటే. అది ముక్కులో రక్తనాళాలను బిగించి దిబ్బడ తీస్తుందంతే, అలర్జీకి మందు కాదు. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు వాడాలి. అది దాటితే మందు పని తగ్గిన ప్రతిసారీ ముక్కు మళ్ళీ వాస్తుంది, మళ్ళీ కొట్టాలనిపిస్తుంది. జైలోమెటాజోలిన్ అని ఉన్నా ఇదే కథ. నాకు ఎక్కువ భయం వేసిందేమిటంటే, జలుబు చేసిందని మా అత్తయ్య గారికి కూడా రెండు రోజులు ఇదే ఇచ్చాం. ఆవిడకు బీపీ ఉంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ఇది వాడకూడదట. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు.

డాక్టర్ గారు చెప్పినట్టు ముందు ఒక ముక్కులో ఆపేసి, అసలు స్ప్రే మొదలుపెట్టి, తర్వాత రెండో ముక్కులో ఆపాను. మొదటి నాలుగు రాత్రులు నరకం. ఇవాళ పన్నెండో రోజు, నిద్ర పడుతోంది.

అసలుది దొరికాక ఇంకో మాట. సీసా ఊపి, కొత్తదైతే ముందు గాల్లోకి ఆరుసార్లు కొట్టండి. తల వెనక్కి వాల్చకుండా కాస్త ముందుకు వంచి, మధ్య గోడకు తగలకుండా బయటివైపుకు కొట్టుకోండి, గట్టిగా పీల్చకండి. పీలిస్తే గొంతులోకి దిగి చేదు. ఆ చేదు ఎజెలాస్టిన్‌ది, మందు పాడైందని పారేయకండి. కొందరికి మత్తుగా ఉంటుంది, బండి నడిపేవాళ్ళు చూసుకోండి. ఇది వేసుకోగానే పూర్తి గుణం కనిపించదు, కొన్నాళ్ళు రోజూ వాడాలి.

కొనేటప్పుడు బ్రాండు పేరు, రేటు కాదు, కింద రాసిన మందుల పేర్లు రెండూ చీటీతో కలిపి చూసుకోండి. బిల్లు అడగండి. షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందు, చీటీలో ఉంటే దాని బదులు ఇంకొకటి ఇవ్వకూడదని 1945 డ్రగ్స్ రూల్స్‌లోనే ఉంది. నా దగ్గర చీటీ, బిల్లు, ఆ సీసా మూడూ ఉన్నాయి. సోమవారం డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు తీసుకెళ్తున్నాను.