మేనరికం మీద పరిశోధనకి ఎనిమిదేళ్లు వాడిన కాలేజీ లైబ్రరీ: నా అనుభవం

మా కాలేజీ లైబ్రరీని ఎనిమిదేళ్లుగా వాడుతున్నాను. అక్కడే సోషియాలజీ చెప్తాను, దాంతోపాటు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఈడ్చుకొస్తున్నాను. టాపిక్ మేనరికం. మేనమామ కూతుర్నో, మేనత్త కూతుర్నో, అక్క కూతుర్నో చేసుకునే పద్ధతి మన దగ్గర ఎందుకింత పాతుకుపోయింది, ఇప్పుడెలా సడలుతోంది అన్నది ప్రశ్న. యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లాలంటే బస్సులో నాలుగు గంటలు. ఒక సెలవు పోతుంది, నడుం పట్టేస్తుంది. అందుకని ముప్పాతిక పని ఈ చిన్న లైబ్రరీలోనే జరిగింది. మనుషుల ఆచారాలు, ప్రవర్తన మీద ప్రాజెక్టు చేయాల్సిన పిల్లలు నా దగ్గరికొచ్చి “మన లైబ్రరీలో ఏముందండీ, అన్నీ గైడ్లేగా” అంటుంటారు. గైడ్లు ఉన్న మాట నిజమే. అవి ముందు వరసలో ఉంటాయి, అసలువి వెనక ఉంటాయి.

మొదటి ఏడాది దాదాపు వృథా. పుస్తకాలు డ్యూయీ నంబర్ల ప్రకారం, అంటే ఒక్కో విషయానికి ఒక్కో నంబరు చొప్పున సర్ది ఉంటాయి. సోషియాలజీ అంటే 301 అని ఎవరో చెబితే ఆ రాక్ దగ్గరే తిరిగాను. పెళ్లి, కుటుంబం 306.8లో ఉంటాయని, పెళ్లి తంతులు, ఆచారాలు 392 కింద జానపద సాహిత్యం పక్కకి పోతాయని, జాతుల మనస్తత్వం 155.8 అంటూ పై అంతస్తులో సైకాలజీ రాక్‌లో ఉంటుందని తర్వాతెప్పుడో తెలిసింది. ఇక పెళ్లి చట్టాలు 346 దగ్గర, కామర్స్ వాళ్ల కుర్చీల వెనక. మేనరికం ఒకటే, చిరునామాలు మాత్రం నాలుగు. ఆ నాలుగో చోటుకి వెళ్లకపోతే 1955 హిందూ వివాహ చట్టం మేనమామ, మేనకోడళ్ల పెళ్లిని నిషిద్ధ బంధుత్వాల జాబితాలో పెట్టి, ఆచారం ఉన్నవాళ్లకి అదే చట్టంలో దారి వదిలిందన్న సంగతి నాకు ఇంకా ఆలస్యంగా తెలిసేది.

కంప్యూటర్ కాటలాగ్ దీనికేమీ సాయం చేయదు. మేనరికం అని కొడితే సున్నా. క్రాస్ కజిన్ (మేనత్త, మేనమామ పిల్లలు) అంటే రెండు, కిన్‌షిప్ (బంధుత్వం) అంటే పందొమ్మిది. పాత కార్డుల కాటలాగ్‌లో “ఇది కూడా చూడండి” అని ఒక సబ్జెక్టు నుంచి ఇంకో సబ్జెక్టుకి పంపే కార్డులుండేవి. కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు పుస్తకాల పేర్లు ఎక్కాయి గానీ ఆ కార్డులు ఎక్కలేదు. ఆ సొరుగుల బీరువా ఇప్పుడు మెట్ల కింద ఉంది, దాని మీద బకెట్టు, చీపురు. రెండు మధ్యాహ్నాలు అక్కడ ముక్కాలిపీట వేసుకుని కూర్చుని కార్డులు తిరగేశాను. చేతులకి దుమ్ము, ముక్కుకి కలరా ఉండల వాసన. కానీ ఆ రెండు పూటల్లో దొరికినన్ని పేర్లు కంప్యూటర్ దగ్గర రెండు నెలల్లో దొరకలేదు.

లైబ్రేరియన్ గారు చెప్పిన చిట్కా ఇంకొకటి. నంబరు పట్టుకుని రాక్ దగ్గరికి వెళ్లాక ఆ ఒక్క పుస్తకం తీసుకుని వచ్చేయకూడదట, దానికి అటు పది, ఇటు పది తీసి విషయసూచిక చూడాలట. మానవశాస్త్రవేత్త ఇరావతి కార్వే 1953లో భారతదేశపు బంధుత్వ వ్యవస్థల మీద రాసిన పుస్తకం నాకు అలాగే దొరికింది. గోధుమ రంగు రెక్సిన్ బైండింగ్, వెనక అంటించిన డ్యూ డేట్ చీటీ మీద నాకు ముందు మూడే తేదీలు. కార్వే దేశాన్ని నాలుగు మండలాలుగా విడదీసి చూస్తారు. ఉత్తరాదిన పిల్లని ముక్కూముఖం తెలియని ఇంటికి పంపుతారు, దగ్గర చుట్టరికంలో ఇవ్వడం తప్పు. దక్షిణాదిన పిల్ల తెలిసిన ఇంటికే వెళ్తుంది. అక్కడ అత్తమామల ఎదుట ముసుగు. ఇక్కడ అత్తగారు చిన్నప్పుడు జడ వేసిన మేనత్తే కావచ్చు. మన భాషలో మేనత్తా అత్తే, అత్తగారూ అత్తే. చిన్నప్పటి నుంచి నోట్లో నానుతున్న మాటే గానీ అందులో ఇంత కథ ఉందని ఆ పుస్తకం చదివేదాకా నాకు తట్టలేదు. అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లోనే ప్రపంచంలోని ఎన్నో భాషల బంధుత్వ పదాలకి పట్టికలు వేస్తూ మన తెలుగు వరసల్ని కూడా అందులో చేర్చాడు. ఆ పుస్తకం మా దగ్గర లేదు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చదువుకోవాల్సి వచ్చింది.

కార్వే చదివిన ఊపులో రీడింగ్ రూమ్ బల్ల మీద మా ఇంటి వంశవృక్షం గీద్దామని కూర్చున్నాను. త్రికోణం అంటే మగ, సున్నా అంటే ఆడ, రెండు అడ్డగీతలు పెళ్లి, నిలువు గీత పిల్లలు. పద్ధతి తేలికే. మా నాన్న మా అమ్మకి సొంత మేనమామ, అంటే అమ్మమ్మకి తమ్ముడు. దాంతో నాన్న పై వరసలో, అమ్మ కింది వరసలో పడ్డారు. పెళ్లి గీత అడ్డంగా ఉండాల్సింది ఏటవాలుగా దిగింది. చెరిపి మళ్లీ గీశాను. ఈసారి నాన్నమ్మ వచ్చి అమ్మకి అమ్మమ్మ స్థానంలో కూర్చుంది. అమ్మమ్మ నాకు మేనత్త కూడా అని అప్పుడు వెలిగింది. సాయంత్రం ఆమెకి ఫోన్ చేసి, నువ్వు నాకు ఏమవుతావో చెప్పు అన్నాను. “నీకు అన్నం పెట్టేటప్పుడు అమ్మమ్మని, మీ అమ్మని తిట్టేటప్పుడు ఆడపడుచుని” అంది. థీసిస్ రెండో అధ్యాయం ఆ మాట నుంచే మొదలైంది. గైడ్ గారు తీసేయమన్నారు, ఇంకా తీయలేదు.

పాత పుస్తకాల్లో ఎక్కువ చేతులు మారేది థర్‌స్టన్. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారి సాయంతో దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు తెచ్చాడు. మేనరికం అన్న మాటని అలాగే ఉంచి రాశాడు, నాకు అది పెద్ద ఆధారం. అయితే మనుషుల ముక్కులు, పుర్రెలు కొలిచి కులాన్ని లెక్కగట్టే కాలం అది. పిల్లలు ఆ పేరాలు యథాతథంగా ప్రాజెక్టులో దించేసి, ఫలానా కులం వాళ్లు ఇలా ఉంటారు అని ఇప్పటి మాటలా రాసేస్తారు. నూట పదేళ్ల నాటి మాట అని గుర్తుచేస్తే మొహం చిన్నబుచ్చుకుంటారు. ఏడింటిలో మా దగ్గర ఐదే ఉన్నాయి. మిగతా రెండూ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి కాబట్టి పెద్ద నష్టం లేదు.

అలా సర్దుకుపోలేనిది మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రాసిన చెంచుల పుస్తకం, 1943 నాటిది. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆ ఆస్ట్రియన్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. శత్రుదేశస్థుడి కింద లెక్కగట్టి హైదరాబాద్ సంస్థానం దాటి పోకుండా ఉంచితే, ఆ ఏళ్లన్నీ చెంచుల దగ్గర, కొండరెడ్ల దగ్గర, గోండుల దగ్గర గడిపాడు. మా కాటలాగ్‌లో ఆ పుస్తకం “అందుబాటులో ఉంది”. ఎనిమిదేళ్లుగా అందుబాటులోనే ఉంది, రాక్‌లో మాత్రం లేదు. ఎవరో తీసుకెళ్లి రిటైర్ అయిపోయి ఉంటారని అందరి అనుమానం.

అసలు నిధి ఎక్కడుందంటే, తాళం వేసిన ప్రభుత్వ ప్రచురణల బీరువాలో. 1961 జనాభా లెక్కలప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని ఊళ్లని ఎంచుకుని ఊరికొక పుస్తకం వేశారు. ఇళ్లు, తిండి, బట్టలు, అప్పులు, పెళ్లిళ్లు అన్నీ ఉంటాయి. జిల్లాల వారీగా జాతరలు, పండగల మీద వేరే సంపుటాలు. కాటలాగ్‌లో ఇవేవీ లేవు. తాళంచెవి అటెండర్ గారి మొలతాడుకి ఉంటుంది, ఆయన టీకి వెళ్తే మనమూ టీకి వెళ్లడమే. హైదరాబాద్ పక్కన శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే 1955లో తెచ్చిన పుస్తకాన్ని, ఈ ఊళ్ల పుస్తకాల్ని పక్కపక్కన పెట్టుకు చదివితే ఆ కాలపు ఊరు కళ్లకి కడుతుంది. మీరు ఈ లైబ్రరీకి ఒక్క రోజే రాగలిగితే నేరుగా ఈ బీరువా దగ్గరికే పోండి.

సైకాలజీ రాక్ మీద నాకు పెద్దగా ఆశ లేదు. మనిషి ప్రవర్తన అని అట్ట మీద ఉంటుంది, లోపల చూస్తే అమెరికా కాలేజీ పిల్లల ప్రవర్తన. 2010లో హెన్రిక్, హైన్, నోరెంజాయన్ అనే పరిశోధకులు ఒక వ్యాసంలో ఈ గుట్టు రట్టు చేశారు. సైకాలజీ పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం మంది ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న దేశాలవాళ్లు. ఆ వ్యాసంలోనే ముల్లర్-లయర్ గీతల సంగతి ఉంది. సమానంగా ఉన్న రెండు గీతలకి ఒకదానికి బాణపు ములుకులు లోపలికి, ఇంకోదానికి బయటికి పెడితే ఒకటి పొడుగ్గా అనిపిస్తుంది. 1966లో అచ్చయిన అధ్యయనంలో అమెరికావాళ్లు బాగా మోసపోయారు, కలహారి ఎడారిలో వేటాడి బతికే శాన్‌లు దాదాపు మోసపోలేదు. అటెండర్ గారి ముందు ఆ బొమ్మ పెట్టి ఏది పొడుగు అని అడిగాను. ఆయన మాట్లాడకుండా సొరుగులోంచి స్కేలు తీశారు.

డిజిటల్ వైపు నిజంగా మెరుగుపడింది. కాలేజీలకి ఆన్‌లైన్ జర్నల్స్ అందించే ఎన్-లిస్ట్‌కి లాగిన్ ఇస్తారు, ఇంటి నుంచే జర్నల్స్ చదవొచ్చు. పాస్‌వర్డ్ కోసం రెండుసార్లు దరఖాస్తు పెట్టుకోవాలి, ఎందుకో మొదటిసారిది ఎప్పుడూ పోతుంది. మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ సైట్‌కి లాగిన్ అక్కర్లేదు, మీ టాపిక్ మీద ముందే ఎవరు థీసిస్ చేశారో చూసుకోవడానికి అదే మొదటి మెట్టు. నా టాపిక్ దగ్గర్లోవి చూసి ఒక రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత తీరిగ్గా చదివితే ఒకరు రాసింది ఇంకొకరు దించినట్టు ఉంది, టెన్షన్ తగ్గింది.

మిగతావి క్లుప్తంగా. రీడింగ్ రూమ్‌లో కిటికీ పక్క రెండో బల్ల మీదే ఫ్యాన్ సరిగ్గా తిరుగుతుంది. జిరాక్స్ మెషిన్ పరీక్షల ముందు పాడవుతుంది. సాయంత్రం అయిదుకి మూసేస్తారు, నాకు క్లాసులు నాలుగున్నరకి అయిపోతాయి. ఈ అరగంట మీద ఆరేళ్లుగా మీటింగుల్లో అడుగుతున్నాను, రాసుకుంటున్నారు. బయటివాళ్లకి సభ్యత్వం లేదు గానీ, ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం పెట్టుకుంటే కూర్చుని చదువుకోనిస్తారు.

కార్వే పుస్తకం ప్రస్తుతం నా దగ్గరే ఉంది. డ్యూ డేట్ వచ్చే సోమవారం. కావలసినవాళ్లు మంగళవారం పొద్దున్నే వెళ్లండి, బుధవారానికి మళ్లీ నేనే తీసేసుకుంటాను.