విత్తనం పుట్టిన చోటు చెప్పగల నర్సరీ

పాలమూరు పట్టణానికి కొద్ది దూరంలో, ఒక కుంట పక్కన ఉన్న ఈ స్థానిక మొక్కల నర్సరీతో నాకు రెండు వానకాలాల పరిచయం ఉంది. మెచ్చుకోవలసినవాటితో పాటు రెండు ఫిర్యాదులు కూడా ఉన్నందున పేరు రాయడం లేదు.

సర్కారు తుమ్మను వేళ్లతో సహా తీయించిన రెండెకరాల చెల్కలో, ఒకప్పుడు అక్కడ పెరిగిన చెట్లనే మళ్లీ నిలపాలని మేము అనుకున్నాము. ఇతర నర్సరీలలో అడిగితే బయటి దేశాల నుంచి వచ్చిన కోనోకార్పస్, గ్లిరిసిడియా చెట్లు చూపించారు. వేపతో సంబంధం లేని అడవి చెట్టు నారేపి కావాలంటే వేప మొక్క తెచ్చి ముందు పెట్టారు. ఇక్కడ మాత్రం నిర్వాహకురాలు ఒక పొడవాటి లెక్కల పుస్తకం తెరిచి, ఏ విత్తనాన్ని ఏ నెలలో, ఏ గుట్ట మీది చెట్ల నుంచి ఏరారో వేలు పెట్టి చూపించారు. జమ్మికి ఎదురుగా పన్నెండు చెట్ల గుర్తులున్నాయి: "బావి గట్టు", "పెద్ద బండ", "పడమటి చేను". ఒకే చెట్టు గింజలతో వనమంతా నింపితే ఆ చెట్టు బలహీనతే అన్నిటికీ వస్తుంది కనుక, నా దృష్టిలో ఈ పుస్తకమే ఆ నర్సరీకి అసలైన ఆస్తి.

గింజ మొలిపించే పనిలోనూ వారికి ఓపిక ఎక్కువ. తంగేడు గింజల పొట్టు గట్టిది కాబట్టి, మరిగించి దించిన నీళ్లలో వేసి రాత్రంతా ఉంచుతారు. తెల్లవారి చూస్తే ఉబ్బినవి అడుగున, తాలువి పైన ఉంటాయి. పైన తేలినవాటిని నా కళ్లముందే పారబోశారు. నేరేడు గింజను మాత్రం పండు తిన్న చేత్తోనే నాటాలంటారు.

ఇంత తెలిసిన చోటనే దసరా ముందు నాకు కిలో ఇప్ప గింజలు అమ్మారు. ఒక్కటీ మొలవలేదు. నూనె నిండిన ఇప్ప గింజ కొద్ది వారాలకే మొలిచే శక్తి కోల్పోతుంది. అడిగితే ఆమె దాచలేదు: "మా పిల్లగాడు తెల్వక ఇచ్చిండు తమ్మీ, ఇప్ప గింజ రాలినప్పుడే నాటాలె, నిల్వకు ఆగదు." డబ్బు తిరిగి ఇచ్చారు, పోయిన అదను మాత్రం రాలేదు.

రెండో లోపం సంచులది. నారేపి మొదటి ఏడాది పైకి జానెడే కనిపించినా, తల్లివేరు లోతుకు దూసుకుపోతుంది. పొట్టి పాలిథిన్ సంచిలో ఆ వేరు అడుగున చుట్టుకుపోయి ఉంది. అలా తెచ్చిన ఇరవై మొక్కలలో వేసవి దాటినవి ఆరు. అదే చెల్కలో జమ్మి అరవైలో నలభై ఒకటి బతికింది. మోదుగను మొక్కగా కాక గింజగా కొని నేరుగా నాటడమే మేలని కూడా నాకు అనుభవంలో తెలిసింది.

ధరలు రోడ్డు పక్క నర్సరీల కంటే కొంచెం ఎక్కువ, రవాణా మనదే. ఈసారి మృగశిర కార్తెకు చాలా ముందే వెళ్లి, నారేపికి పొడుగు సంచులు వాడాలని చెప్పి యాభై మొక్కలకు సగం డబ్బు కట్టి వచ్చాను. రసీదు మాత్రం అడిగితేనే ఇస్తారు.