విజయవాడ, గుంటూరు బ్రదర్స్‌కి: బాడీబిల్డింగ్ కాంపిటీషన్ ప్రిపరేషన్ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఈమధ్య బెజవాడలో ఏ జిమ్‌కి వెళ్లినా ఒక 'ప్రెప్ కోచ్', అంటే బాడీబిల్డింగ్ పోటీకి తయారుచేస్తానని చెప్పేవాడు, తగులుతున్నాడు. జిల్లా షో, మిస్టర్ ఆంధ్ర అని ఊరించి 16 వారాల ప్యాకేజీ అంటగడతారు. పటమట వైపు అలాంటి ఒకాయనకి నేను 30,000 ముందే ఫోన్‌పే చేశాను. పేరు రాయను, ఆ గొడవ నాకొద్దు. ఆయన పద్ధతి మాత్రం చెప్తాను. ఇదే పద్ధతిలో ఇంకా చాలామంది వ్యాపారం చేస్తున్నారు కాబట్టి మీరే గుర్తుపట్టేస్తారు.

ఆయన బాడీ అదిరిపోయేలా ఉంటుంది, అందులో డౌట్ లేదు. రీల్స్ నిండా అదే. కానీ ఆయన చేత్తో స్టేజి దాకా వెళ్లిన కుర్రాడు ఒక్కడు కూడా ఆ రీల్స్‌లో కనపడడు.

డైట్ చార్ట్ వాట్సాప్‌లో వచ్చింది. నేను 78 కేజీలు. చార్ట్ పైన మాత్రం 92 కేజీలని ఉంది, పక్కన ఇంకెవరిదో వయసు. మధ్యాహ్నం మీల్‌లో ఆస్పరాగస్ అట. పటమట రైతుబజార్‌లో ఆస్పరాగస్ అడిగితే ఏమంటారో మీరే ఊహించుకోండి. దొరకదని కోచ్‌కి చెప్తే 'బీన్స్ వేసుకో బ్రో' అన్నాడు, సరే. శాల్మన్ బదులు కొర్రమీను తినొచ్చా అని అడిగితే బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.

కండ పోకుండా కొవ్వు తగ్గాలంటే వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం వరకే తగ్గాలి. 78 కేజీల వాడికి అది సుమారు 400 నుంచి 800 గ్రాములు. నాకు కొన్ని వారాల్లో కేజీన్నరకు పైగా పోయింది. బెంచ్ ప్రెస్‌లో ఎత్తే బరువులు తగ్గిపోయాయి, రాత్రిళ్లు నిద్ర లేదు. వారం వారం ఫొటోలు పంపితే వచ్చే జవాబు ఒకటే: 'ఫైర్ బ్రో, కార్డియో పెంచు'. ఒక్కసారి కూడా మనిషిని ఎదురుగా నిలబెట్టి చూడలేదు. పోజింగ్ సంగతి అడిగితే యూట్యూబ్ లింక్ పంపాడు.

అసలు ప్రమాదం చివరి వారంలో ఉంది. ఉప్పు పూర్తిగా మానెయ్, నీళ్లు ఆపెయ్, అన్నం మాత్రం దంచు అన్నాడు. తిన్న అన్నం కండలో గ్లైకోజెన్ అనే నిల్వ పిండిపదార్థంగా మారుతుంది, అది ఒక గ్రాము ఉండాలంటే దాంతోపాటు దాదాపు 3 గ్రాముల నీరు కావాలి. నీళ్లు ఆపేసి అన్నం తింటే కండ నిండేది దేంతో? ఉప్పు కూడా లేకపోతే స్టేజి ఎక్కే ముందు పంప్ (కండ ఉబ్బి నిండుగా కనపడడం) రాదు, పిక్కలు పట్టేస్తాయి. దీనికి తోడు ఒక టాబ్లెట్ పేరు రాసి పంపాడు, ఫ్యూరోసెమైడ్. గవర్నర్‌పేటలో మెడికల్ షాపు పెద్దాయన ఆ పేరు చూసి 'ఎవరికి బాబూ, గుండె జబ్బా, కిడ్నీయా?' అన్నాడు. పోటీకి అని చెప్పగానే డాక్టర్ చీటీ లేకుండా ఇచ్చేది లేదని పంపించేశాడు. ఆయన పుణ్యమా అని అది నా కడుపులో పడలేదు. ఒంట్లో నీళ్లతోపాటు పొటాషియాన్ని కూడా బయటికి తోసేసే మందు అది, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. 1992లో నెదర్లాండ్స్‌లో షో అయిన కొద్ది గంటలకే మొహమ్మద్ బెనజీజా అనే పెద్ద ప్రొఫెషనల్ బాడీబిల్డర్ చనిపోయాడు. డైయూరెటిక్స్‌తో (ఇలా ఒంట్లో నీరు బయటికి పంపే మందులతో) నీరు పోవడమే కారణమని ఇప్పటికీ చెప్పుకుంటారు.

షో రోజు 70 కేజీల కేటగిరీకి బరువు తూగాను. అక్కడికి మన కోచ్ రాలేదు, ఫోన్ స్విచాఫ్. బ్యాక్‌స్టేజ్‌లో పిక్క పట్టేసి గోడకి ఆనుకుని ఉంటే గుంటూరు నుంచి తన కుర్రాళ్లని తెచ్చుకున్న ఒక పాతకాలపు మాస్టారు చూశారు. 'ఉప్పు ఎప్పుడు మానేశావురా?' అన్నారు. అంతే, ఇంకేం అడగలేదు. చిటికెడు ఉప్పు వేసిన నీళ్లు గుక్కలు గుక్కలుగా తాగించి, కాసేపయ్యాక పల్లీపట్టీ సగం విరిచి ఇచ్చారు. తర్వాత సైడ్ చెస్ట్ పోజు (పక్కకి తిరిగి ఛాతీ చూపేది) పెట్టమన్నారు. పెట్టాను. ముందుకాలి మడమ లేపి, తొడలు రెండూ దగ్గరికి నొక్కి, పొట్ట లోపలికి లాగించేసరికి అద్దంలో వేరే మనిషి కనపడ్డాడు. ఇన్ని వారాల ప్యాకేజీలో నాకు దొరకనిది ఆ పది నిమిషాల్లో దొరికింది. ప్లేసు రాలేదు లెండి. ఏడు తప్పనిసరి పోజుల్లో వెన్ను రెక్కల్లా విప్పి చూపే లాట్ స్ప్రెడ్ రెండూ (ముందు నుంచి, వెనక నుంచి) పోయాయి, లైట్ల కింద వెన్ను ఎలా తెరవాలో ఎవరైనా ముందే నేర్పి ఉండాలి.

కాబట్టి కోచ్‌ని వెతికేటప్పుడు కండలు కాదు, ఆయన తయారుచేసిన కుర్రాళ్లని చూడండి. వాళ్లలో ఇద్దరికి ఫోన్ చేసి, చివరి వారం ఏం చేయించాడు, షో రోజు పక్కన ఉన్నాడా అని అడగండి. మొదట్లో బ్లడ్ టెస్ట్ అడగనివాడు, పోజింగ్ ఎదురుగా చేయించనివాడు, మీ బరువు, మీ డ్యూటీ టైమ్, మీ ఇంట్లో వండే తిండి కనుక్కోకుండా చార్ట్ పంపేవాడు నా లెక్కలో కోచే కాదు. టాబ్లెట్ల పేర్లు వాట్సాప్‌లో పంపాడా, అక్కడితో తెగతెంపులు చేసుకోండి. 'ఈసారి షో వద్దు, ఇంకో ఏడాది కండ పెంచు' అని మొహం మీద చెప్పి, వచ్చే ఫీజు వదులుకునేవాడు దొరికితే మాత్రం వదలొద్దు.

డబ్బు నెలనెలా కట్టండి, రసీదు అడగండి. నాకు రసీదు లేదు, ఫోన్‌పే హిస్టరీ, చాట్ మాత్రమే ఉన్నాయి. వాటితోనే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 92 కేజీల చార్ట్ మీకూ వచ్చి ఉంటే చాట్ డిలీట్ చేయకండి, నాకు మెసేజ్ పెట్టండి.