పందికొక్కు జాడలో హాబ్సన్-జాబ్సన్

ఇంగ్లీషులో ‘బ్యాండికూట్’ అనే మాట అరుదుగానే కనబడుతుంది. కనబడినా అది మన పందికొక్కేనని తట్టడం మరీ అరుదు. ఆ మాట పుట్టుక తెలుసుకోవడానికి, దక్షిణాసియా నిఘంటువులను ఉచితంగా అందించే షికాగో విశ్వవిద్యాలయం వారి అంతర్జాల సేవలో హాబ్సన్-జాబ్సన్ తెరిచాను. యూల్, బర్నెల్ 1886లో వెలువరించిన ఈ ఆంగ్లో-ఇండియన్ పదకోశానికి విలియం క్రుక్ 1903లో చేర్పులతో తెచ్చిన కూర్పు అక్కడుంది.

ఇది తెలుగు ‘పందికొక్కు’ వికృతి అనీ, ‘పంది-ఎలుక’ అని దానికి అర్థమనీ కోశం మొదటే తేల్చేస్తుంది. ఆపైన వచ్చే ఉల్లేఖనలే అసలు రుచి: నక్కలంతేసి ఎలుకలున్నాయని 1330 ప్రాంతంలో జోర్డానస్ అనే క్రైస్తవ సన్యాసి రాసిన మాట, దేవగిరి చెరసాలలోని ఎలుకలను చూసి పిల్లులే పారిపోతాయని ఇబ్న్ బతూతా చెప్పిన ముచ్చట. అయితే వాటిలో ఉన్నది జంతువే గాని, ఈ మాట కాదు. పదం చరిత్రనూ వస్తువు చరిత్రనూ ఇలా కలిపేయడం ఈ కోశానికి అలవాటు. చదవడానికి హాయిగా ఉన్నా, మాట ఇంగ్లీషులోకి ఎప్పుడు చేరిందో తేల్చుకోదలచినవారు జాగ్రత్తపడాలి.

చదరపు కుండలీకరణాల్లోవి క్రుక్ చేర్పులు. ఆస్ట్రేలియాలోని బెండిగో బంగారు గనుల పేరుకు ఈ మాటే మూలమన్నది అందులో ఒకటి. తెలుగువాడికి ఉబ్బితబ్బిబ్బయ్యే సంగతే గాని, నిజం కాదు; ఆ పేరు ‘బెండిగో’ అని పిలిచే విలియం థాంప్సన్ అనే ముష్టియోధుడి (బాక్సర్) ద్వారా వచ్చిందని చరిత్రకారుల మాట.

ధర లేదు, నమోదు అక్కర లేదు. అదే చోట బ్రౌన్ తెలుగు నిఘంటువును కూడా తిరగేసి సరిచూసుకోవచ్చు. లోటల్లా ఆస్ట్రేలియా వైపే. ఈ పేరు అక్కడ ఎలుక జాతికే చెందని, కడుపుసంచి గల ఓ చిన్న జంతువుకు అంటుకొని, ఆ తరువాత క్రియగానూ మారింది: పైన ఆకులు కదలకుండా కింద బంగాళాదుంపలు తవ్వుకుపోవడాన్ని అక్కడివారు ‘బ్యాండికూట్’ చేయడం అంటారు. గాదె కింద పందికొక్కును ఎరిగిన మనకు వివరణ అక్కర లేని ఈ అర్థం కోసం మాత్రం ఆస్ట్రేలియన్ నిఘంటువును ఆశ్రయించవలసిందే.