ఇనుము నుంచి ఉన్నికోటు దాకా: స్టాక్‌హోమ్ రాజాయుధశాలలో ఒక మధ్యాహ్నం

స్టాక్‌హోమ్ పాత పట్టణమైన గామ్లా స్తాన్‌లో, స్వీడన్ రాజప్రాసాదం కింది నేలమాళిగల్లో ఉన్న లివ్‌రుస్ట్‌కమ్మరెన్ (రాజాయుధశాల) అనే ప్రదర్శనశాల ఆ దేశంలోని మ్యూజియంలన్నిటిలోకీ పాతది. రెండవ గుస్తావ్ అడాల్ఫ్ రాజు 1627లో పోలండ్‌తో జరిగిన యుద్ధంలో గాయపడినప్పుడు తాను ధరించిన నెత్తుటి బట్టలను జ్ఞాపకంగా భద్రపరచమని 1628లో ఆదేశించాడు. ఈ సేకరణ అక్కడి నుంచే మొదలైంది. పదిహేడో శతాబ్దపు ఐరోపా అశ్వికదళం గురించి ఎంత చదివినా అందని విషయం ఒకటి ఇక్కడ కంటికి కనిపిస్తుంది కాబట్టి, ఆ చరిత్ర మీద మక్కువ ఉన్నవారందరికీ దీన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను.

ముందుగా చూడవలసింది స్ట్రైఫ్ అనే గుర్రాన్ని. 1632 నవంబరు 6న, కొత్త పంచాంగం లెక్కలో 16న, జర్మనీలోని ల్యూట్సెన్ దగ్గర జరిగిన యుద్ధంలో, పొగమంచులో స్మోలాండ్ రౌతులను ముందుండి నడిపిన గుస్తావ్ అడాల్ఫ్ ఎక్కినది ఈ గుర్రాన్నే. రాజు శత్రువుల మధ్య చిక్కుకొని నేలకొరగగా, గాయాలతో ఒంటరిగా పరుగెత్తుకొచ్చిన ఈ గుర్రాన్ని చూశాకే స్వీడిష్ సైనికులకు కీడు తోచిందని చెబుతారు. రౌతు కొద్దీ గుర్రం అన్న మన సామెత ఇక్కడ అక్షరాలా నిజం, ఎందుకంటే దీని వెల 1000 రిక్స్‌డాలర్లు. మామూలు రౌతు ఎక్కే గుర్రం ధరకు అది ఎన్నో రెట్లు. 1633లో జర్మనీలోని వోల్గాస్ట్‌లో ఇది చనిపోగా, చర్మాన్ని స్వదేశానికి పంపి కొయ్య చట్రం మీద బిగించి నిలబెట్టారు. దాని ముందు నిలుచున్నప్పుడు నన్ను ఆకట్టుకున్నది రాజసం కాదు, పరిమాణం: చిత్రాల్లో కొండంతగా గీసిన యుద్ధాశ్వాలకు అలవాటుపడిన కళ్ళకు ఇది చిన్నదిగానే కనిపిస్తుంది.

తరువాత ఆ రోజు రాజు తొడుక్కున్న తోలుకోటు. 1627లో పోలండ్ యుద్ధంలో డిర్షౌ అనే ఊరి దగ్గర భుజంలో దిగిన తూటాను వైద్యులు తీయలేకపోవడంతో ఇనుప కవచం బరువును ఆయన భరించలేకపోయేవాడు. అందుకే ఎల్క్ అనే పెద్ద దుప్పి తోలుతో కుట్టిన ఈ కోటుతోనే యుద్ధానికి వెళ్ళాడు. శత్రువులు దీన్ని ఆయన శరీరం మీద నుంచి ఒలుచుకొని వియన్నాకు చేర్చగా, మొదటి ప్రపంచయుద్ధం తరువాత స్వీడన్ రెడ్‌క్రాస్ చేసిన సాయానికి కృతజ్ఞతగా ఆస్ట్రియా 1920లో తిరిగి ఇచ్చింది. తూటాలు చీల్చిన చోట్లు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి, వాటి ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను.

ఈ రెండింటి విలువ తెలియాలంటే నాటి పోరు పద్ధతి కొంత తెలిసి ఉండాలి. అప్పటి పిస్తోలు రౌతులు వరుస వెంట వరుసగా శత్రువు దగ్గరకు వెళ్ళి, కాల్చి, పక్కకు తిరిగి, మళ్ళీ మందు దట్టించుకోవడానికి వెనక్కు వచ్చేవారు. దీన్ని కరాకోల్ అనేవారు. చూపుకు బాగుండే ఈ పద్ధతిలో గుర్రం వేగం, బరువు రెండూ వృథా అయ్యేవి. 1605లో రీగా దగ్గరి కిర్క్‌హోల్మ్‌లో, తమకంటే దాదాపు మూడు రెట్లు పెద్దదైన స్వీడిష్ సైన్యాన్ని ఖోడ్కెవిచ్ నాయకత్వంలోని పోలిష్ హుస్సార్లు అనే రౌతులు పొడవాటి బల్లేలతో దూసుకెళ్ళి చిత్తు చేశారు. అక్కడ ఓడినవాడు గుస్తావ్ తండ్రి తొమ్మిదవ కార్ల్. ఆ పాఠం నేర్చిన కొడుకు తన రౌతులను లోతు తక్కువ వరుసల్లో నిలిపి, దగ్గర నుంచి ఒక్కసారి పిస్తోలు పేల్చి వెంటనే కత్తి దూసి మీదపడమన్నాడు. వారి మధ్య తుపాకీ కాల్బలాన్ని కూడా ఉంచాడు.

తరువాతి కాలపు స్వీడన్ రాజు పన్నెండవ కార్ల్ 1718లో నార్వేలోని ఫ్రెడ్రిక్‌స్టెన్ కోటను ముట్టడిస్తూ, తన సైనికులు తవ్విన కందకంలో తూటా తగిలి చనిపోయినప్పుడు వేసుకున్న నీలి ఉన్నికోటు, రంధ్రం పడిన టోపీ కూడా ఇక్కడే ఉన్నాయి. ఆయన రౌతులు ఒకరి మోకాలి వెనుక మరొకరి మోకాలు ఆనించి, ఈటెమొన ఆకారంలో, కవచం లేకుండా దౌడు తీసేవారు. మరోచోట కనిపించే పాత ఇనుప కవచాలు, తోలుకోటు, ఈ ఉన్నికోటు వరుసగా చూస్తే రౌతు ఒంటి మీద రక్షణ తరిగేకొద్దీ వేగం మీద నమ్మకం ఎలా పెరిగిందో తెలుస్తుంది.

నేను మొదటిసారి వెళ్ళింది పట్టణమంతా ఒక్క పూటలో చూపించే ఒక యాత్రా సంస్థ బృందంతో. ఇక్కడ వారు ఇచ్చింది పావుగంట మాత్రమే, కరాకోల్ మాటే ఎత్తలేదు. మరునాడు ఒంటరిగా వెళ్ళి రెండు గంటలు గడిపాను. వెలుతురు తక్కువగా ఉంటుంది, పాత తోలు, బట్ట వెలుగుకు పాడవుతాయి కాబట్టి అది సమంజసమే. కళ్ళు అలవాటుపడే దాకా ఆగి, ముందు కవచాలు, తరువాత తోలుకోటు, ఆ తరువాత నీలికోటు చూసి, చివరగా మళ్ళీ స్ట్రైఫ్ దగ్గరకు రండి.