ఎడారి, అడవి జంతువులు ఒకే రోజులో: షార్జానా, చిన్న రణ్‌నా?

వేసవిలో ప్రకాశం బ్యారేజి దిగువన నీళ్లు తగ్గి ఇసుక తిన్నెలు తేలితే, మా అబ్బాయి దాన్నే ఎడారి అనేవాడు. వాడికి అసలైన ఎడారి చూపించాలని, బండిలో కూర్చునే జంతువుల మధ్య తిరిగే చోటు కూడా అదే రోజు కలిసిరావాలని ఇంట్లో అందరం అనుకున్నాం. ఒక శీతాకాలం షార్జా వెళ్లాం, మరో శీతాకాలం గుజరాత్‌లోని ఉప్పు ఎడారి కచ్ చిన్న రణ్‌కు వెళ్లాం. ఇప్పుడు విజయవాడలో ఎవరు అడిగినా నేను చిన్న రణ్ పేరే చెబుతున్నాను.

షార్జాలో సుఖం ఎక్కువ, అది ఒప్పుకోవాలి. 2022 అక్టోబరులో గన్నవరం నుంచి అక్కడికి నేరుగా విమానం మొదలయ్యాక మనవాళ్లకు ఆ ఊరు దగ్గరైపోయింది. ఆ సర్వీసు ఏయే రోజుల్లో ఉందో చూసుకున్నాకే వీసా పని మొదలుపెట్టండి. అదే ఏడాది ఫిబ్రవరిలో అల్ ధైద్ దగ్గర షార్జా సఫారీ తెరిచారు. ఎనిమిది చదరపు కిలోమీటర్ల ఆవరణలో జిరాఫీలు, ఖడ్గమృగాలు, ఏనుగులు. సొంత కారును లోపలికి రానివ్వరు, వాళ్ల వాహనంలోనే తిరగాలి. తెరిచినప్పుడు పెద్దలకు పెట్టిన టికెట్లు మూడు రకాలు: బ్రాంజ్ 40, సిల్వర్ 120, గోల్డ్ 275 దిర్హాములు. బ్రాంజ్ టికెట్టు కాలినడకన చూసే భాగానికే పనికొస్తుంది. బస్సు ఎక్కాలంటే కనీసం సిల్వర్ తీసుకోవాలి. పిల్లలతో వెళ్లేవాళ్లు చవకని బ్రాంజ్ తీసుకుంటే అసలు చూడాలనుకున్నది చూడకుండానే తిరిగి రావాల్సి వస్తుంది.

మధ్యాహ్నం అక్కడి నుంచి మ్లైహా ఎడారికి వెళ్లవచ్చు, అరగంట ప్రయాణం. ఇనుము కలిసిన ఎర్ర ఇసుక, సాయంత్రం ఎండ పడితే కుంకుమ ఆరబోసినట్టు ఉంటుంది. పక్కనే ఫాయా కొండల ప్రాంతం. రెండు లక్షల ఏళ్లకు పైబడిన మానవ సంచారం ఆనవాళ్లున్నాయని దాన్ని 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మా అబ్బాయి ఇసుకలో పొర్లి పొర్లి ఆడాడు. నాకు మాత్రం ఒక వెలితి మిగిలింది. ఇసుక అరేబియాది, జంతువులు ఆఫ్రికావి. పొద్దున చూసినదానికీ సాయంత్రం చూసినదానికీ సంబంధం లేదు.

చిన్న రణ్‌లో ఆ రెండూ ఒకటే. అహ్మదాబాద్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు వెళ్తే జైనాబాద్, బజానా ఊళ్లు వస్తాయి. అక్కడ జీపు మాట్లాడుకుని తెల్లవారుజామునే లోపలికి దిగాలి. ఇక్కడ ఇసుక దిబ్బలు ఉండవు, ఈ మాట ముందే పిల్లలకు చెప్పండి. కనుచూపు మేర నెర్రెలిచ్చిన మట్టి, దాని మీద తెల్లటి ఉప్పు పొర. వానాకాలంలో ఇదంతా నీటి మడుగు, మధ్యలో మెరకలు దీవుల్లా మిగులుతాయి. వాటిని అక్కడివాళ్లు 'బేట్' అంటారు.

ఆ మెరకల గడ్డి మీద బతికేది అడవి గాడిద. "గాడిదను చూడ్డానికి గుజరాత్ దాకానా?" అని మా అమ్మ బయలుదేరేముందు అడిగింది. లేత గోధుమ రంగు ఒళ్లు, వీపు పొడవునా ముదురు చార. గంటకు 60, 70 కిలోమీటర్ల వేగంతో గుంపుగా పరుగు తీస్తే, జీపులో అందరికంటే ముందు లేచి నిలబడింది అమ్మే. 1960ల చివర్లో ఈ జాతి కొన్ని వందలకు పడిపోయింది. ఈగల వల్ల పాకే సుర్రా వంటి జబ్బులు ఊడ్చిపెట్టేశాయి. 1973లో అభయారణ్యం ఏర్పడింది, విస్తీర్ణం సుమారు 4,950 చదరపు కిలోమీటర్లు. 2024 లెక్కల్లో 7,672 తేలాయి. కంచె లేని నేల మీద ఒక జాతి తిరిగి నిలదొక్కుకోవడం కళ్లారా చూడడం నాకు ఎంతో విలువైనది.

లోపల ఉప్పు పండించే అగరియాల మడులు కూడా ఉన్నాయి. చినగంజాం మడులు చూసినవారికి పని తెలిసినదే అనిపిస్తుంది. ఇక్కడ వాడేది భూమిలోంచి తోడిన ఉప్పునీరు. ఏడెనిమిది నెలలు కుటుంబాలతో సహా అక్కడే గుడిసెల్లో ఉంటారు.

ఇసుక దిబ్బలే కావాలి, జంతువులు కూడా ఆ నేలవే కావాలి అంటే రాజస్థాన్‌లో జైసల్మేర్ ఉంది. మన రోళ్లపాడు అభయారణ్యం నుంచి కనుమరుగైన బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) అక్కడి డెజర్ట్ నేషనల్ పార్కులో ఇంకా మిగిలి ఉంది. అయితే అది కనిపిస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు, ఇక్కడి నుంచి ప్రయాణమూ చాలా దూరం.

ఖర్చు దగ్గర కూడా చిన్న రణ్‌దే పైచేయి. పాస్‌పోర్టు, వీసా అక్కర్లేదు. రోజూ నడిచే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ నుంచి నేరుగా అహ్మదాబాద్ చేరుస్తుంది, ఒక పగలూ ఒక రాత్రీ దాటే ప్రయాణం. నడవలేని పెద్దవాళ్లు, అదుపులేని కుదుపులకు ఓర్వలేనివాళ్లు ఉంటే మాత్రం షార్జా బస్సే నయం. మిగతావాళ్లు డిసెంబరు, జనవరి నెలలు చూసుకోండి. జూన్ మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు అభయారణ్యం మూసేస్తారు. తెల్లవారుజామున జీపులో గాలి కోసేస్తుంది, విజయవాడలో ఎప్పుడూ బయటకు తీయని స్వెట్టర్లు తప్పకుండా సర్దుకోండి.