సెప్టిక్ ట్యాంక్: ఖాళీ చేయించి చూడాలా, నిండుగా ఉన్నప్పుడే చూడాలా?

ఇల్లు కొనేటప్పుడు గోడ తట్టి చూస్తాం, కుళాయిలన్నీ తిప్పి చూస్తాం, స్విచ్‌లు ఒక్కోటీ నొక్కి చూస్తాం. సెప్టిక్ ట్యాంక్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "ట్యాంక్ బాగానే ఉందాండీ?" అని ఒక మాట అడిగి, "మొన్ననే క్లీన్ చేయించాం" అనగానే తలూపేస్తాం. నేనూ ఊపాను. పైగా వాళ్ల ఖర్చుతోనే చేయించారని లోలోపల సంబరపడ్డాను కూడా. మూడు వారాలు తిరక్కముందే ఒక రాత్రి బాత్రూం జాలీలోంచి నల్లనీళ్లు పైకి తన్నాయి.

క్లీనింగ్ వేరు, తనిఖీ వేరు అని నాకు ఆ రాత్రే తెలిసింది.

ట్యాంకులో బరువైనదంతా అడుగున మడ్డిగా దిగుతుంది, నూనె, జిడ్డు, సబ్బు పైన తెట్టు కడతాయి, మధ్యలో ఉన్న నీళ్లు మాత్రమే అవతలి పైపు గుండా ఇంకుడు గుంతకో, భూమిలో పరిచిన చిల్లుల పైపులకో పోవాలి. అంటే సరిగ్గా పనిచేసే ట్యాంక్ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, బయటికెళ్లే పైపు మట్టం దాకా. చాలామంది మూత తీసి చూసి "అయ్యో నిండిపోయింది" అని కంగారుపడతారు గానీ, చూడాల్సింది ఆ మట్టాన్నే. పైపు కన్నా పైకి నీళ్లుంటే అవతల దారి మూసుకుపోయిందనో, గుంత ఇంకడం మానేసిందనో అర్థం, కిందకి ఉంటే ట్యాంక్ ఎక్కడో కారుతోంది. మొన్న ఖాళీ చేసిన ట్యాంకులో ఈ రెండూ కనపడవు. లెక్క వేసి చూడండి: ఇంట్లో రోజుకు 600 లీటర్లు వాడితే 4000 లీటర్ల ట్యాంక్ మళ్లీ పైపు మట్టానికి రావడానికి దాదాపు వారం పడుతుంది. ఆ వారమంతా గుంతలోకి చుక్క వెళ్లదు, కాబట్టి పూర్తిగా చెడిపోయిన గుంతైనా బుద్ధిమంతురాలిలా కూర్చుంటుంది. తర్వాత కూడా, అన్నాళ్లూ కాస్త ఆరింది కాబట్టి ఇంకొన్ని రోజులు లాక్కొస్తుంది. మా ఇంట్లో జరిగింది అదే. అమ్మినాయన అబద్ధమేమీ చెప్పలేదు, నిజంగానే క్లీన్ చేయించాడు!

సరే, చూపించుకోవడానికి ఉన్న దారులేంటి, దేనికి ఎంత విలువ ఇవ్వాలి అన్నది చెప్తాను.

మొదటిది పైపైన చూడటం. ఫ్లష్ కొట్టి, రెండు మూడు కుళాయిలు వదిలి, నీళ్లు గుడగుడమంటున్నాయా, నెమ్మదిగా దిగుతున్నాయా అని చూసి, గుంత చుట్టూ నేల చిత్తడిగా ఉందా, అక్కడొక్కచోటే గడ్డి ఏపుగా పెరిగిందా అని ఒక తిరుగు తిరగడం. పైసా ఖర్చు లేదు, పావుగంట పని, మానొద్దు. కానీ ఇందులో తప్పు దొరికితే నమ్మొచ్చు, దొరక్కపోతే నమ్మకూడదు. నెలల తరబడి ఖాళీగా ఉన్న ఇంటికైతే ఇది అస్సలు పనికిరాదు, నేల ఎండి ఉంటుంది కదా, నాలుగు ఫ్లష్‌ల నీళ్లు ఎలాగైనా పీల్చుకుంటుంది.

రెండోది రంగు నీళ్ల పరీక్ష, అదే డై టెస్ట్. మెరిసే ఆకుపచ్చ రంగు కమోడ్‌లో పోసి నీళ్లు వదిలి, ఆ రంగు నేల మీదో, పక్క కాలువలోనో తేలుతుందేమో చూస్తారు. చూడ్డానికి భలే శాస్త్రీయంగా ఉంటుంది. చిక్కేంటంటే ట్యాంకులో నీళ్లు మామూలుగా ఒకటి రెండు రోజులైనా నిలిచి బయటికెళ్తాయి, మనం గంటసేపు నిలబడి "రంగు రాలేదు, అంతా బాగుంది" అంటే ఎలా? దీన్ని నేను వేరే పనికి వాడమంటాను. వంటింటి నీళ్లు, బాత్రూం నీళ్లు అసలు ట్యాంకులోకే వెళ్తున్నాయా, లేక ఎవరూ చెప్పని పైపులో నేరుగా కాలువలో కలుస్తున్నాయా అన్నది తేలాలంటే మూత తీసి పెట్టి రంగు పోయడాన్ని మించింది లేదు.

మూడోది మూత తీసి కొలవడం. నా ఓటు దీనికే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. పొడుగాటి కర్ర కింది మూడడుగులకు తెల్లటి తువ్వాలు గట్టిగా చుట్టి, ట్యాంక్ అడుగుకు తగిలేదాకా నిదానంగా దించి, రెండు మూడు నిమిషాలు ఉంచి పైకి లాగుతారు. మడ్డి ఎంత ఎత్తు వరకు ఉందో అంతవరకు తువ్వాలు నల్లగా అయి వస్తుంది, దాని పైన లేత బూడిద రంగు. బయటికెళ్లే పైపు మొదట్లో, నీళ్లలోకి దిగి ఉండేలా T అక్షరం ఆకారంలో ఒక ముక్క బిగిస్తారు, దాన్నే టీ పైపు అంటారు. ఆ నల్ల గీతకూ ఈ టీ కింది అంచుకూ మధ్య 30 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే ఖాళీ చేయించే టైం వచ్చిందన్నమాట. తెట్టు అడుగు భాగం ఆ టీ కింది అంచుకు 15 సెంటీమీటర్ల లోపుకు వచ్చినా అంతే. ఆ తర్వాత టార్చ్ వేసి టీ పైపులు ఉన్నాయా, విరిగిపోయాయా చూడాలి, టీ లేకపోతే తెట్టు నేరుగా గుంతలోకి పోయి దాన్ని పూడ్చేస్తుంది. గోడ మీద పైపు కన్నా పైన పాత మరక కనపడితే, ఇవాళ మట్టం సరిగ్గానే ఉన్నా ఎప్పుడో పొంగిన ట్యాంకన్నమాట. మూత అడుగు భాగం కూడా చూడండి. లోపలి గ్యాస్ తడి కాంక్రీటు మీద యాసిడ్‌గా మారి దాన్ని తినేస్తుంది, ఇనుప చువ్వలు బయటపడితే ఆ మూత మీద మనిషి నిలబడకూడదు.

ఇదంతా అయ్యాక, అప్పుడు, ట్యాంకర్‌ను పిలవాలి. మన కళ్లముందే లాగించాలి. లాగుతుండగా గుంత వైపు పైపులోంచి నీళ్లు ట్యాంకులోకే వెనక్కి వస్తుంటే ఇంకేం అడగక్కర్లేదు, గుంత నిండి కూర్చుంది. ఖాళీ అయ్యాక గోడల పగుళ్లు కనిపిస్తాయి. ఖాళీ చేయించడం తప్పని నేను అనడం లేదు, ముందు చూసి తర్వాత ఖాళీ చేయించమంటున్నాను. (ఫైబర్ ట్యాంకైతే, భూగర్భజలం పైకొచ్చే వానాకాలంలో పూర్తిగా ఖాళీ చేయిస్తే పడవలా పైకి లేచే ప్రమాదం కూడా ఉంది, అది గుర్తుంచుకోండి.)

కెమెరా పెట్టి పైపులు చూడటం నాలుగోది. అందరికీ అక్కర్లేదు. ఇంటికీ ట్యాంకుకూ మధ్య పెద్ద చెట్టు ఉంటేనో, మట్టం సరిగ్గా ఉన్నా ఇంట్లో నీళ్లు ఆగుతుంటేనో పెట్టించండి. వేర్లు పైపులోకి దూరి జడలా అల్లుకుపోయి ఉంటే, కెమెరాకు తప్ప కంటికి దొరకవు.

ఎవరితో చూపించాలి అన్నది ఇంకో ప్రశ్న. అమ్మేవాళ్లు పిలిచే మనిషికీ, మనం పిలిచే మనిషికీ పనితనంలో తేడా లేకపోవచ్చు, కానీ చెప్పే మాటలో ఉంటుంది. మనమే పిలిచి, మనమే డబ్బిచ్చి, మనమే పక్కన నిలబడటం మేలు. చూసింది కాగితం మీద రాయించుకుని, ఫోటోలు తీసుకోండి, ట్యాంక్ ఎక్కడుంది, ఎన్ని లీటర్లది, ఆఖరిసారి ఎప్పుడు లాగించారు అన్నవి కూడా అందులో ఉండాలి. ఇంటికి బావో, బోరో ఉంటే మురుగు కలుస్తోందేమో తెలియడానికి ఆ నీళ్లలో నైట్రేట్, కోలిఫాం బ్యాక్టీరియా పరీక్షలు అదే వారంలో చేయించేయండి.

డబ్బు మిగుల్తుందని మాత్రం మూత మీరే లేపి లోపలికి వంగొద్దు. అందులో మీథేన్ ఉంటుంది, కాబట్టి అగ్గిపుల్ల, సిగరెట్ దగ్గరికి రాకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా దొంగది, మొదట కుళ్లిన గుడ్డు వాసనేసినా మోతాదు పెరిగితే ముక్కునే చంపేస్తుంది, వాసన పోయింది కదా అని మనిషి ఇంకాస్త వంగుతాడు. ఒకరు పడితే కాపాడబోయి దిగినవాళ్లూ అందులోనే పోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు.

పోయినేడాది మా బావగారు ఇల్లు చూసుకున్నప్పుడు అమ్మేవాళ్లు "మేం క్లీన్ చేయించి ఇస్తాం" అన్నారు. వద్దండీ, ముట్టుకోకుండా అలాగే ఉంచండి, మేమే మనిషిని తెచ్చుకుంటాం అన్నాను. వాళ్లు నన్ను వింతగా చూశారు. తీరా మూత తీస్తే మట్టం పైపుకు జానెడు పైన ఉంది. అమ్మేవాళ్లకూ అప్పటిదాకా తెలియదట. కొత్త గుంత తవ్వించాకే రిజిస్ట్రేషన్ పెట్టుకున్నాం.